టీచరమ్మ ప్రోగ్రాంలో లేని తప్పు

ఈ నాలుగు పేజీలు చదవబోతున్న పెద్దలకు, పిన్నలకు, పోయినవారి గురించి మంచి మాత్రమే వినాలనుకునే సహృదయులకు ముందుగా శిరసు వంచి, వీలైతే నడుము కూడా వంచి, క్షమాపణలు చెప్పుకుంటున్నాను. స్మృతి వ్యాసమంటే అందులో ఒక జ్ఞానజ్యోతి ఆరిపోవాలి, ఒక శకం ముగియాలి, లోకమంతా ఒక్కసారి నిట్టూర్చాలి. నా దగ్గర అంత సరంజామా లేదు. ఉన్నవల్లా కొన్ని బియ్యం మూటలు, ఒక ముసలి కంప్యూటరు, బేసిక్ భాషలో రాసిన ఒక చిన్న ప్రోగ్రాం, దాంట్లో తప్పు వెతికిన ఒక మనిషి. ఇంత తక్కువ సరుకుతో ఇంత గంభీరమైన పనికి దిగినందుకు సాహిత్య లోకం నన్ను మన్నించుగాక. మన్నించకపోయినా రాయడం ఆపను, అది వేరే సంగతి.

మా కంప్యూటర్ టీచరమ్మ పోయారు. పోయిన నెలలో ఒక ఉదయం గజపతినగరంలో తన జిరాక్స్ షాపు షట్టరు ఎత్తుతూ గుండె పట్టుకుని అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయారట. విజయనగరం తీసుకెళ్ళేలోగానే అయిపోయింది. నాకీ సంగతి మా బడి పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో తెలిసింది. ఆ కబురుకి పైన ఎవరిదో పుట్టినరోజు కేకు. కింద, భోగాపురం ఎయిర్‌పోర్టుకి కూతవేటు దూరంలో ప్లాట్లు అంటూ ఒక ప్రకటన. ఆ రెంటి మధ్యా టీచరమ్మ. చేతులు జోడించిన బొమ్మలు వరసగా వచ్చి పడ్డాయి. ఒకడు కేకు కింద పెట్టాల్సిన నాలుక చప్పరించే బొమ్మని పొరపాటున ఈ కబురు కింద పెట్టి, సాయంత్రం దాకా చూసుకోలేదు.

నేను కూడా ఒక బొమ్మ పెట్టి ఆఫీసుకి బయల్దేరాను. విశాఖపట్నంలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టర్‌ని. ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం నా ఉద్యోగం. సిటీ బస్సులో కిటికీ పక్క సీటు దొరికి, ఊపిరి పీల్చుకుని, చెవిలో పాటలు పెట్టుకోబోతుంటే అప్పుడు దిగింది కబురు లోపలికి. తప్పు ఎలా వెతకాలో నాకు నేర్పింది ఆవిడే. నా జీతానికి మూలం ఆవిడ. దానికి బదులుగా నేను పంపింది ఒక బొమ్మ.

మా బడి యజమానిని అందరూ కరస్పాండెంటు గారు అంటారు. ఆయనకి ఊరి చివర రైసుమిల్లు కూడా ఉంది. మిల్లులో ముసలైపోయిన కంప్యూటర్లు బడికొచ్చేవి. బళ్ళో కాళ్ళు విరిగిన బల్లలు మిల్లుకెళ్ళేవి. టీచరమ్మ రెండు చోట్లా పనికొచ్చే సామాను కనుక ఆవిడకి రెండు వైపులా నడక ఉండేది. ఆ కంప్యూటర్లలో బేసిక్ తప్ప ఇంకేదీ ఎక్కేది కాదు. పక్క బడి పిల్లలు తెర మీద రంగులేసుకుంటుంటే మేము నల్ల తెర మీద తెల్ల అక్షరాలు కొట్టుకునేవాళ్ళం.

మా అమ్మ ఒకసారి బడికొచ్చి అడిగేసింది. "పిల్లలకి కొత్తవేవీ నేర్పరేటమ్మా?"

"తప్పు ఎతకడం నేర్పుతన్నానమ్మా," అన్నారు టీచరమ్మ. "దానికి కొత్తా పాతా నేదు."

మా అమ్మ ఇంటికొచ్చి, ఫీజు కట్టింది తప్పులు నేర్చుకోడానికా అని చాలాసేపు అనుమానపడింది.

బేసిక్ చూడనివాళ్ళ కోసం ఒక మాట. అందులో ప్రతి వరసకీ ముందు ఒక నంబరుంటుంది. కంప్యూటరు ఆ నంబర్ల క్రమంలో ఒక్కో వరసా చదివి, చెప్పింది చెప్పినట్టు చేసుకుంటూ పోతుంది. నంబర్లు మాత్రం పది, ఇరవై, ముప్పై అని పదుల్లో వేస్తారు. ఒకటి, రెండు, మూడు అని వేస్తే నష్టమేమిటని క్లాసులో నేనే లేచి అడిగాను. తెలివి చూపించుకోవాలని తహతహలాడే వయసు.

"రాసినోడు మనిషి కదరా," అన్నారావిడ. "మర్సిపోతాడు. మర్సిపోనాది తర్వాత దూర్సడానికి మద్దిలో జాగా ఉండాల. మనిషి తప్పు సేస్తాడని ముందే ఒప్పీసుకుని జాగా ఒదిలిన భాష ఇది. మీ ఇంట్లో ఎవులైనా ఒదుల్తారేటి అలగ?"

మా ఇంట్లో వదలరు. మార్కుల కార్డు వచ్చిన రోజు అసలే వదలరు.

నేను సొంతంగా రాసిన మొదటి ప్రోగ్రాం రెండే వరసలు. రాసిన తీరు తప్పంటూ సింటాక్స్ ఎర్రర్ అని తెర మీద పడినప్పుడల్లా ఆవిడ మా వెనకాల ప్రత్యక్షమయ్యేవారు కనుక మేము ఆవిడకి సింటాక్సమ్మ అని పేరు పెట్టుకున్నాం. పదో నంబరు వరసలో, సింటాక్సమ్మ వస్తోంది అని ఇంగ్లీషు అక్షరాల్లో తెర మీద రాయమన్నాను. ఇరవైలో, మళ్ళీ పదికి పొమ్మన్నాను. నొక్కాను. తెర నిండా ఆ ముక్కే జలపాతంలా దిగుతోంది. క్లాసు నవ్వింది. నేను కాలరు సర్దుకున్నాను. అప్పుడు తెలిసింది, దాన్ని ఆపడం నాకు రాదని.

టీచరమ్మ వచ్చారు, చూశారు, పక్కనే కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"కూకో. సూడు."

"ఆపండి టీచర్."

"నాను మొదలెట్టినానేటి?"

గంట కొట్టేదాకా ఇద్దరం కూర్చుని ఆవిడ వస్తున్నారన్న వార్త చదువుతూనే ఉన్నాం. గంట మోగాక లేచి, ఏ మీటలు నొక్కితే ఆగుతుందో చూపించి అన్నారు. "ఎక్కడ ఆగాలో సెప్పకుండా ఎవులికీ పని సెప్పకు. మెషినుకీ సెప్పకు, మనిషికీ సెప్పకు." గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగారు. "అన్నట్టు, వస్తోంది కాదు. ఒచ్చీసినాది అని రాయాల."

పలకల సంగతి మాత్రం నేను ఎక్కడికెళ్ళినా చెబుతుంటాను. మార్కులని చిన్నవి ముందు, పెద్దవి వెనక వచ్చేలా పేర్చే ప్రోగ్రాం ఒకటి రాశాం. నడిపితే ఒకరి మార్కులే ఇద్దరికీ వస్తున్నాయి. తప్పు ఎక్కడుందో తెలియదు. ఆవిడ కంప్యూటర్లు కట్టేయించి మమ్మల్ని వరండాలోకి తోలుకెళ్ళి, సుద్దతో నేల మీద గళ్ళు గీశారు. ఒక్కో గడిలో ఒక్కో పిల్లవాడు, చేతిలో పలక. ఒకడు ఎ, ఒకడు బి. ఎ పలక మీద తొంభై, బి పలక మీద నలభై. నేను ప్రోగ్రాం చదవాలి, వాళ్ళు చెప్పింది చెప్పినట్టు చెయ్యాలి.

"ఎ లోకి బి వెయ్యి," అని చదివాను. ఎ తన తొంభై తుడిచి, బి పలక చూసి నలభై రాసుకున్నాడు.

"బి లోకి ఎ వెయ్యి." బి తన నలభై తుడిచి, ఎ పలక చూసి, మళ్ళీ నలభయ్యే రాశాడు.

ఎ గాడు తన పలక ఇటూ అటూ తిప్పి చూసుకున్నాడు. "నా తొంభై ఏది టీచర్?" వాడి గొంతు నిజంగానే బొంగురుపోయింది. పలక మీదైనా సరే వాడికి తొంభై రావడం అదే మొదలు.

"సూసినారా," అన్నారావిడ మా అందరి వైపూ తిరిగి. "ఎవుడూ దొంగతనం సెయ్యనేదు. సెప్పినట్టే సేసినారు. అయినా తొంభై సచ్చిపోనాది." తర్వాత ఖాళీ పలకతో మూడోవాణ్ణి పక్కన నిలబెట్టి, ముందు తొంభైని వాడి చేత పట్టించారు. అప్పుడు గానీ మార్పిడి కుదరలేదు. మూడో పలకెందుకో మాలో ఎవరికీ మళ్ళీ చెప్పాల్సిన పని రాలేదు.

ఆవిడ నేర్పిన విద్యంతా ఇలాగే ఉండేది. తప్పు కనపడకపోతే ప్రోగ్రాం మధ్యలో ఒక ప్రింటు పెట్టి, అక్కడిదాకా అంకెలు సరిగ్గా ఉన్నాయో లేదో చూడమనేవారు. ఇంకా దొరక్కపోతే రెమ్ అన్న మాట ముందు చేర్చి సగం వరసల నోరు ముయ్యించమనేవారు. మిగతా సగం బాగా నడిస్తే తప్పు నోరు మూసినవాటిలో ఉన్నట్టు. ఒకసారికి ఒకటే మార్చాలి. రెండు మారిస్తే స్కేలుతో వేళ్ళ మీద ఒకటి పడేది. "ఏది బాగుసేసినాదో తెల్దు, ఏది సెడగొట్టినాదో తెల్దు. మరేటి నేర్సుకున్నట్టు?" మెషిను అరిచి చెప్పే తప్పంటే ఆవిడకి గౌరవం. "అరిసే తప్పు మంచిదిరా. అరవకుండా తప్పుడు లెక్క సూపించి నవ్వుతాది సూడు, అది సంపేస్తాది," అనేవారు.

ఆవిడ దేవత కాదు. మెచ్చుకోవడమన్నది ఆవిడ ఒంట్లో లేదు. ప్రోగ్రాం మొదటిసారే సరిగ్గా నడిచిందనుకోండి, ఇంకా కోపం వచ్చేది. "ఎందుకు పనిసేసినాదో సెప్పు. తెల్దంటే అది నీది కాదు." ఫ్యాను కింది కంప్యూటరు ఎప్పుడూ ఆడపిల్లలకే ఇచ్చేవారు. మేము న్యాయమడిగితే, మీకు చెమట పట్టినా పట్టకపోయినా ఒకటే అనేవారు. అది అన్యాయమని నేను ఇప్పటికీ అంటాను. ఇప్పుడు వినేవాళ్ళు లేరు.

ఇక మూటల సంగతి. ఇది రాయడానికే ఇదంతా మొదలుపెట్టాను.

నేను విజయనగరంలో ఇంజినీరింగు మూడో ఏడు చదువుతున్నాను. రోజూ బస్సులో వెళ్ళొచ్చేవాణ్ణి. ఒక ఆదివారం పొద్దున్నే టీచరమ్మ ఫోను.

"ఒరే, కాళీయేటి?"

"ఏమైంది టీచర్?"

"నా ప్రోగ్రాం మీద దొంగతనం పడ్డాది. నువ్వు ఇంజినీరింగు కదేటి, ఒచ్చి నా తప్పు ఎతుకు."

మిల్లులో లారీకి మూటలెక్కేటప్పుడు వాటిని మోసే కళాసీల్లో ఒకాయన గట్టిగా లెక్క పిలుస్తాడు. ఆయన పిలిచినప్పుడల్లా కిటికీ దగ్గర కంప్యూటరు ముందు కూర్చున్న మనిషి ఒక మీట నొక్కాలి. నొక్కినప్పుడల్లా ప్రోగ్రాం ఒకటి కలుపుకుంటుంది. లారీ కదిలాక, గోదాములో ఎన్ని మూటలు మిగలాలో చెబుతుంది. అంతే పని. కరస్పాండెంటు గారు అడిగితే టీచరమ్మ ఒక సెలవురోజు కూర్చుని రాసిచ్చారు. మీట దగ్గర కూర్చునేది కరస్పాండెంటు గారి బావమరిది.

కొన్ని లారీలు వెళ్ళాక గోదాములో మూటలు లెక్కపెడితే కంప్యూటరు చెప్పినదానికంటే తక్కువున్నాయి. ఇంకొన్ని లారీలు వెళ్ళాక ఇంకా తక్కువ. తాళం వేసింది వేసినట్టే ఉంది. కాబట్టి మూటలని మింగుతున్నది టీచరమ్మ ప్రోగ్రామే అని మిల్లులో తేల్చేశారు. మధ్యాహ్నానికి అది బడిలో తెలిసింది. సాయంత్రానికి షేర్ ఆటోల్లో తెలిసింది.

నేను ఆవిడ ఇంటికెళ్ళేసరికి ప్రోగ్రాం అచ్చుకొట్టించి నేల మీద పరిచి ఉంది. నేను దాన్ని పైనుంచి కిందికి ఒకసారి చూసి, కాలేజీ గాంభీర్యంతో అన్నాను. "ఇదంతా ఎందుకు టీచర్. పైథాన్‌లో కొత్తది రాసేద్దాం."

"బాగుసెయ్యరా అంటే బొంద తవ్వుతానంటావేటి? పాత దాన్లో తప్పు ఏటో తెల్దు. తెలీకుండా కొత్తది రాస్తే ఆ తప్పు కూడా కొత్తదైపోతాది. కూకో." కాగితాలు నా వైపు జరుపుతూ అన్నారు. "ముందు తప్పు నాదే అనుకోని ఎతుకుదాం. నాది కాదని మొదలెడితే కళ్ళు కనపడవు."

వెతికాం. ఆవిడ పక్క నుంచి మీట నొక్కినట్టు బల్ల మీద చేత్తో కొడుతుంటే నేను మెషిన్నై ఒక్కో వరసా పైకి చదువుతూ సుద్దతో లెక్క రాశాను. సరిపోయింది. ఆవిడ ఇంట్లో ఉన్న పాత కంప్యూటరులో మధ్యమధ్య ప్రింట్లు పెట్టి నడిపాం. సరిపోయింది. బేసిక్‌లో ట్రాన్ అని ఒక ఆజ్ఞ ఉంది. అది వేస్తే ప్రోగ్రాం ఏ వరస మీద అడుగేస్తే ఆ నంబరు తెర మీద పడుతుంది, తడి కాళ్ళతో ఇంట్లోకొచ్చినవాడి అడుగుల్లాగ. ఆ అడుగులన్నీ కూడా చూశాం. ఎక్కడా పక్కకి పోలేదు. ఎన్ని నొక్కితే అన్నే కలుస్తున్నాయి.

"ఇంట్లో నేదు," అన్నారు టీచరమ్మ లేచి చీర కుచ్చిళ్ళు దులుపుకుంటూ. "అంటే బైట ఉన్నాది. పద, అంకెలు పుట్టే కాడికి ఎల్దాం."

మిల్లులో ఒక లారీ అప్పుడే వెనక్కి వచ్చి ఆగింది. మేమిద్దరం బావమరిది గారి కుర్చీ వెనక నిలబడ్డాం. నేను తెర చూస్తున్నాను. ఆవిడ ఆయన వేలు చూస్తున్నారు.

మా వైపు ధాన్యం కొలిచినా, మూటలెత్తినా మొదటిదాన్ని ఒకటి అనరు. లాభం అంటారు. మంచి మాటతో మొదలవ్వాలని. ఆ తర్వాత రెండు, మూడు. మొదటి మూట లారీ మీద పడింది. కళాసీ గొంతెత్తి, "లాభం" అన్నాడు. బావమరిది గారు కళ్ళు మూసుకుని నుదుటికి చెయ్యి ఆనించుకున్నారు. "రెండు," అన్నాడు కళాసీ. బావమరిది గారు మీట నొక్కారు. తెర మీద ఒకటి పడింది.

టీచరమ్మ నా మోచెయ్యి పట్టుకున్నారు. లారీ నిండేదాకా ఆయన వేలి మీంచి చూపు తిప్పలేదు. నిండాక మెల్లగా అడిగారు.

"బాబూ, లాభం అన్నప్పుడు మీట నొక్కనేదేటి?"

"లాభం అంకె కాదు కదండీ మేడం. దేవుడి మాట. దాని మీద ఏలెట్టి నొక్కుతామేటి? రెండన్నాక మొదలెడతాను."

"మరి రెండన్నప్పుడు తెర మీద ఒకటని పడతాది కదా. సూడరా?"

"లెక్క సూడ్డానికి కంప్యూటరుంది కదండీ," అన్నారాయన, అంత చదువుకున్నావిడకి ఈ మాత్రం తెలియదా అన్నట్టు.

ఆయన్ని తిట్టలేం. భక్తిలో లోపం లేదు. లారీకి ఒక మూట చొప్పున దేవుడి ఖాతాలో వెళ్ళిపోయింది. అవతల దించుకున్న షావుకార్లలో ఎవరూ మూట ఎక్కువొచ్చిందని ఫోను చెయ్యలేదు. అలా ఫోను చేసే షావుకారు మా జిల్లాలో ఇంకా పుట్టలేదు.

మిల్లు ఆఫీసుకి నడిచే దారిలో టీచరమ్మ మొహం వెలిగిపోవాల్సింది. వెలగలేదు. "నా తప్పొకటి ఉన్నాదిరా ఇందులో," అన్నారు. "రాసేముందు ఒకసారి ఎల్లి ఆళ్ళు ఎలగ లెక్కెడతారో సూడనేదు. మా అయ్య కళ్ళం కాడ సిన్నప్పట్నించీ లాభం, రెండు అనే ఇన్నాను. తెలిసి కూడా తట్టనేదు." తన వాటా తప్పు ఎంతో అంత తీసుకుని, మిగతాది ఎవరిదో చెప్పడానికి కరస్పాండెంటు గారి గదిలోకి వెళ్ళారు. నన్నూ లోపలికి రమ్మన్నారు. సాక్షి కావాలనుకున్నారో ఏమో.

కరస్పాండెంటు గారు శ్రద్ధగా విన్నారు. విని తేలిగ్గా నవ్వారు.

"అయితే సులువే కదమ్మా. పోగ్రాంలో ముందే ఒకటి కలిపీయండి."

"ప్రోగ్రాంలో తప్పు నేదండి. ఏలిలో ఉన్నాది. ఏలికి సెప్పండి."

"అది మా బావమరిది ఏలమ్మా."

"రేపు ఇంకొకలు కూకుని లాభానికి కూడా నొక్కితే ఒకటి ఎక్కువ పడతాది. అప్పుడు నా ప్రోగ్రాం మూటలు పుట్టిస్తన్నాదంటారు."

"నలుగురిలో అతన్ని తప్పంటే మా ఇంట్లో ఆడోళ్ళు నన్ను బతకనివ్వరు. తమరే పెద్దమనసు సేసుకోవాల. సిన్న తప్పు జరిగినాది, మేడం గారు సరిసేసీసినారు అని నాను సెప్తాను. అయిపోతాది."

"జరగని తప్పు ఎలగ సరిసేస్తానండి?"

ఆయన నా వైపు చూసి, చదువెలా సాగుతోంది బాబూ అని అడిగారు. బాగా సాగుతోందండి అన్నాను. ఆ గదిలో నేనన్నది అదొక్కటే.

ప్రోగ్రాంలో ఆవిడ ఒకటి కలపలేదు. మిల్లువాళ్ళు ప్రోగ్రాం తీసేసి మళ్ళీ చేతి లెక్కకి వచ్చారు. మూటలు తగ్గడం ఆగింది. ఊరికి అంతకంటే రుజువేం కావాలి? ప్రోగ్రాం తీశారు, మూటలు నిలిచాయి. స్టాఫ్ రూములో ఆవిడ రెండుసార్లు చెప్పబోయారట. పోనీలెండి మేడం, ఎవరికి మాత్రం పొరపాట్లు జరగవు, అని తోటి టీచర్లు ఓదార్చారట. ఆ ఓదార్పు ఆవిడకి స్కేలు దెబ్బకంటే గట్టిగా తగిలింది.

వేసవి సెలవుల్లో కంప్యూటర్ టీచరు పోస్టు అక్కర్లేదన్నారు. ట్యాబులొస్తున్నాయి కదా అన్నారు. వచ్చాయి కూడా. ట్యాబుల గదికి ఇన్‌చార్జిగా ఎవరిని వేశారో చెప్పనక్కర్లేదు. ఆ వేలే ఇప్పుడు పిల్లలకి చదువు చెబుతోంది. చుట్టుపక్కల బళ్ళలో టీచరమ్మ అడిగి చూశారు. అందరూ టీ ఇచ్చారు. ఒకచోట మాత్రం నవ్వు ఆపుకుంటూ, మూటల మేడం మీరేనా అని అడిగారట.

బస్టాండుకి దగ్గర్లో జిరాక్స్ షాపు పెట్టుకున్నారు. నేను బస్సు దిగినప్పుడల్లా అక్కడ ఆగేవాణ్ణి. "ఇప్పుడు నా పని ఏటో తెలుసా?" అన్నారొకసారి, ఎవరిదో అప్లికేషను గాజు పలక మీద బోర్లించి మూత వేస్తూ. "ఒకడు తప్పు రాసి తెస్తాడు. దాన్ని పది కాపీలు తీసిస్తాను." నవ్వారు. నేనూ నవ్వాను. అది నవ్వాల్సిన మాట కాదని ఇద్దరికీ తెలుసు.

నాకు ఉద్యోగం వచ్చిందని చెప్పడానికి వెళ్ళిన రోజు మెచ్చుకుంటారేమోనని కాస్త నిటారుగా నిలబడ్డాను. ఎంత ఎదవ తప్పైనా ముందు నీదే అనుకోని ఎతుకు అని ఒక సలహా పారేశారు. తర్వాత మిషను ఆపి, కుర్చీలో కూర్చుని, ఎప్పుడూ మాట్లాడని గొంతుతో మాట్లాడారు.

"నాకు ఉజ్జోగం పోనాదని కాదురా. ఇక్కడే నయం, ఎవుడూ నన్ను ప్రోగ్రాం రాయమనడు. తప్పు దొరికినాక కూడా నా పేరునే ఉండిపోనాది. అదొక్కటి లోపల అడ్డంగా ఉన్నాది. ఆయన సెప్పడు. నువ్వు సూసినావు. నలుగురు కూడిన కాడ ఎప్పుడైనా మాటొస్తే నువ్వు సెప్పు."

"దండోరా వేయిస్తాను టీచర్. బస్టాండు నుంచి మిల్లు దాకా."

"ఏసాలెయ్యకు. సెప్తావా?"

"చెప్తాను."

మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. ఒకసారి చెప్పింది రెండోసారి చెప్పే మనిషి కాదు. ఆ తర్వాత నేను వెళ్ళినప్పుడల్లా మంచినీళ్ళిచ్చేవారు, మా అమ్మ ఎలా ఉందని అడిగేవారు. నాకు బస్సు టైమవుతుండేది.

పెద్దకర్మ అయ్యాక బడిలో సంతాప సభ పెట్టారు. షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, ఒక ఫ్లెక్సీ. ఫ్లెక్సీలో ఆవిడ ఫోటోని ఏదో గ్రూపు ఫోటోలోంచి కత్తిరించారు. పక్కావిడ భుజం ఒక ముక్క అందులో ఉండిపోయింది. ముందు వరసలో టీచరమ్మ భర్త కూర్చున్నారు. బక్కపలచని మనిషి, ఆవిడ మాట్లాడుతుంటే వినడమే తప్ప నేనెప్పుడూ ఆయన గొంతు పెద్దగా విన్నది లేదు. కొత్త అడ్మిషన్ల రోజులు కావడంతో తల్లిదండ్రులు కూడా బాగానే వచ్చారు.

కరస్పాండెంటు గారు నన్ను చూసి చెయ్యి పట్టుకుని వేదిక మీదికి లాగారు. మన బడి పిల్లాడే, విశాఖపట్నంలో సాఫ్ట్‌వేరు, అని మైకులో చెప్పి శాలువా కప్పారు. సంతాప సభలో శాలువా ఎందుకని ఎవరూ అడగలేదు. నన్ను రెండు మాటలు మాట్లాడమన్నారు.

ఏం చెప్పాలో బస్సులో వచ్చేటప్పుడే అనుకున్నాను. ముందు ఒక తేలిక సంగతి, వెంటనే మూటల సంగతి. తేలిక సంగతిగా పలకలది చెప్పాను. నా తొంభై ఏది టీచర్ అని ఎ గాడి గొంతు పెట్టి చెప్పాను. జనం నవ్వారు. టీచరమ్మ భర్త కూడా నవ్వి, తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నారు. ఆ నవ్వు వినబడ్డాక, దాని మీద మూటలు దించడానికి నాకు చేతులు రాలేదు. నా పక్కన కరస్పాండెంటు గారు నా వీపు తడుతున్నారు. ఇంతటి టీచరు దొరకడం మా అదృష్టం అని చెప్పి కూర్చున్నాను.

తర్వాత ఆయన లేచారు. సభలో ఆయన భాష వేరు. "మా మిల్లు ప్రోగ్రాములో ఆమె వలన ఒక చిన్న పొరపాటు జరిగిన మాట వాస్తవమే. కానీ మేము ఏనాడూ ఆమెను ఒక్క మాట అనలేదు. తన పొరపాటును తానే దిద్దుకున్న మహోన్నత వ్యక్తి. ఆరోగ్యరీత్యా తానే విశ్రాంతి కోరుకుంటే మేము కన్నీళ్ళతో సాగనంపాము."

టీచరమ్మ భర్త తల పక్కకి తిరిగింది. ఆయన కరస్పాండెంటు గారిని చూడలేదు, నన్ను చూశారు. ఆయనకి తెలుసు. ఆ రోజు గదిలో ఎవరెవరున్నారో ఆవిడ ఇంటికెళ్ళి చెప్పకుండా ఉంటారా?

ఇక్కడ నేను లేచి మైకు అందుకున్నానని రాస్తే ఎంతో బాగుంటుంది. రాసి కూడా చూశాను. చదువుతుంటే నాకే నేను చక్కటి కుర్రాడిలా కనిపించాను. కొట్టేశాను. పోనీ లేచి వెళ్ళిపోయానని రాద్దామనుకున్నాను. అదీ జరగలేదు. కనీసం తల వంచుకున్నానని రాయొచ్చు కదా అనిపించింది. తల నిటారుగానే ఉంది, ఎదురుగా ఫోటోలు తీస్తున్నారు. కాబట్టి పాఠకులారా, ఈ కథలో నేను నిజంగా చేసిన పని ఒకే ఒక్కటి. అది చెప్పి ముగిస్తాను.

కరస్పాండెంటు గారి ప్రసంగం అయిపోయింది. జనం చప్పట్లు కొట్టారు. నేను కూడా కొట్టాను. కొత్త శాలువా జారిపోకుండా మోచేతులు పక్కలకి ఆనించుకుని మరీ కొట్టాను. ముందు వరసలో టీచరమ్మ భర్త చేతులు ఆయన ఒళ్ళో తువ్వాలు మీదే ఉన్నాయి. ఆయన నా మొహం వైపు చూడడం మానేసి నా చేతుల వైపు చూస్తున్నారు. ఆ చూపు తప్పించుకోడానికి నేను ఫ్లెక్సీ వైపు తల తిప్పాను. అలా తిప్పడంలో జనం ఆపేసిన సంగతి గమనించలేదు. షామియానా కింద అంతా సద్దుమణిగాక ఇంకొక చప్పట పడింది. అది నాది.